బియ్యంలో దాచిన పెట్టె

ఆ పెట్టె రెండు అగ్గిపెట్టెలు పక్కపక్కన పేర్చినంత ఉంటుంది. నల్లది. ఒక వైపు నుంచి తోకలాంటి వైరు వచ్చి కంప్యూటర్‌కి తగులుకుంటుంది. రెండో వైపు నుంచి సన్నటి తీగలు రెండు వచ్చి చెవిటి మిషన్లకు తగులుకుంటాయి. నెత్తిన ఆవగింజంత పచ్చ దీపం. కృష్ణలంకలో మా ముందుగదిలో కోడలు నడిపే చెవి పరీక్షల సెంటర్‌కి గుండెకాయ అదే. చెవిటి మిషన్ ఎంత మంచిదైనా, ఆ పెట్టె ద్వారా దాని లోపల ఆ మనిషి చెవికి తగ్గ కొలతలు ఎక్కించాలి. ఎక్కించకపోతే అది కొలత తీయకుండా కుట్టిన జాకెట్టుతో సమానం. ఉన్నట్టే ఉంటుంది, ఒంటికి పట్టదు.

దాన్ని ముట్టుకోవద్దని మా కోడలు నాకు ఒక్కసారే చెప్పింది. నేను తడిగుడ్డతో కంప్యూటర్ తెర తుడిచిన రోజు అది.

"అత్తయ్యా, మీరు ఊడవండి, వచ్చినవాళ్ళని కూచోబెట్టండి, వాళ్ళకి కబుర్లు చెప్పండి. ఈ బల్ల మీదవి మాత్రం ముట్టుకోకండి. మీకు దణ్ణం పెడతాను" అంది.

అలాగేనన్నాను. కానీ ముట్టుకున్నాను. ఒకసారి కాదు, వాన పడిన ప్రతి సాయంత్రం.

ఎందుకంటే, కిందటి వానాకాలంలో ఒక పిడుగు మా వీధి చివర పడి పాత కంప్యూటర్ని చంపేసింది. కోడలు ఆ రోజు ఏడవలేదు గానీ, రెండు పూటలు అన్నం సరిగా తినలేదు. అది నాకు గుర్తుండిపోయింది. నేను పుట్టింది బందరు దగ్గర సముద్రం ఒడ్డున. అక్కడ ఉప్పుగాలికి, వానకి ఏ వస్తువూ నిలవదు. మా అమ్మ ముసురు పట్టగానే నాన్న ట్రాన్సిస్టర్ని పాత పంచె గుడ్డలో చుట్టి బియ్యం డ్రమ్ములో పూడ్చేది. బియ్యం చెమ్మ లాగేస్తుందని. ఆ ట్రాన్సిస్టర్ మా నాన్న పోయాక కూడా పాడింది. ఇక్కడ కోడలు కూడా వచ్చినవాళ్ళందరికీ చెప్పేది అదే కదా: "రాత్రిపూట మిషన్లని విడిగా ఉంచకండి, చెమ్మ తగలకుండా డబ్బాలో పెట్టి మూత పెట్టండి" అని. మిషన్లకి మంచిదైంది, ఆ మిషన్లకి కొలతలు రాసే పెట్టెకి చెడ్డదెలా అవుతుంది? సెంటర్ మూశాక, ఉరిమిందంటే చాలు, బల్ల కిందకి వంగి తోక పీకేదాన్ని. పెట్టెని గుడ్డలో చుట్టి వంటింట్లో బియ్యం డబ్బాలో పెట్టేదాన్ని. తెల్లారి ఊడ్చేటప్పుడు మళ్ళీ తగిలించేదాన్ని. కంప్యూటర్ వెనక చాలా కన్నాలున్నాయి, అన్నీ ఒకేలా ఉంటాయి. ఏది ఖాళీగా ఉంటే దాంట్లో పెట్టేదాన్ని. పచ్చ దీపం వెలిగేది. ఇంకేం కావాలి అనుకునేదాన్ని.

ఇక ఆ కంప్యూటర్ సంగతి. పాతది పోయాక కొత్తది కొన్నారు. అన్నీ కొత్తవే వస్తే ఏ బాధా లేకపోను. మా అన్నయ్యలాంటి వాళ్ళు పెట్టుకునే పాత మోడల్ మిషన్లకి కొలతలు రాసే సాఫ్ట్‌వేర్ ఆ కొత్త దాంట్లోకి ఎక్కలేదు. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపులకి కంప్యూటర్లు చూసే ఆయన ఒకరు ఈ ఏడు తొలి వానలప్పుడు వచ్చి, కొత్త కంప్యూటర్ కడుపులోనే ఇంకో పాత కంప్యూటర్ని పెట్టారు. నిజంగా పెట్టెలాంటిది కాదు. తెర మీద ఒక చట్రం తెరుచుకుంటుంది. అందులో పోయిన కంప్యూటర్ బతికొచ్చినట్టు అదే నీలం రంగు, అవే బొమ్మలు. బయటదాన్ని హోస్ట్ అంటారట, లోపలిదాన్ని గెస్ట్ అంటారట.

"అంటే చుట్టమే కదయ్యా. మరి చుట్టానికి మన పెట్టె ఎలా అందుతుంది?" అని అడిగాను నేను, ఆయన పని చేస్తుండగా.

ఆయన నవ్వి, "అదేనండీ పిన్నిగారూ అసలు చిక్కు. పెట్టెని తగిలించేది బయటి మిషన్‌కి. అది వెంటనే నాదేనని పట్టుకుంటుంది. అది వదిలితేనే లోపలిదానికి అందేది. ఇద్దరూ ఒకేసారి పట్టుకోవడానికి లేదు" అన్నారు.

నాకు బాగా అర్థమైంది. మా ఇళ్ళలో ఉప్పు చేతికివ్వరు. కింద పెట్టాలి, చెయ్యి తీసెయ్యాలి, అప్పుడు అవతలివాళ్ళు తీసుకోవాలి. ఆయన ఏదో చేసి, బయటిది పట్టుకోకుండా పెట్టె నేరుగా లోపలికి వెళ్ళేలా కుదిర్చారు. వెళ్తూ కోడలితో ఏదో జాగ్రత్త చెప్పారు. నేను అప్పుడు టీ గ్లాసులు లోపలికి తీసుకెళ్తున్నాను, వినలేదు. ఆ ఒక్క మాట విని ఉంటే నేను ఇది రాసేదాన్ని కాదు.

అన్నయ్య వచ్చింది సముద్రంలో చేపల వేట మీద పెట్టిన నిషేధం ముగిసే రోజు. మర్నాడు తెల్లవారుజామున పడవలు సముద్రంలోకి కదలాలి.

మా అన్నయ్య రేవులో వైర్‌లెస్ సెట్టు దగ్గర కూచుంటాడు. పడవలు వేటకి పోయాక వాటికీ ఒడ్డుకీ మధ్య ఆ సెట్టొక్కటే దిక్కు. గాలి మారితే చెప్పాలి, ఇంజను ఆగిందంటే పక్క పడవని పంపాలి. గొంతు వినగానే ఏ పడవో చెప్పేస్తాడు. ఆ గొంతు వెనక భయం ఉందో లేదో కూడా చెప్పేస్తాడు. అలాంటివాడికి చెవులు మందగించాయి. మిషన్లు పెట్టాక కొన్నేళ్ళు బాగానే గడిచింది. వేసవి మొదట్లో, నిషేధం రాకముందు, ఒక రోజు ఒక పడవవాళ్ళు ఇంజను ఆగిపోయిందని పిలిచారు. మిషన్ చెడిపోయి ఉంది, వాళ్ళేం చెప్పారో అన్నయ్యకి అందనేలేదు. అందలేదని చెప్పడానికి నామోషీ పడి "సరే, సరే" అన్నాడు. ఆ పడవ పూటంతా కొట్టుకుపోయింది. వేరే పడవ కంట పడబట్టి తాడు కట్టి లాక్కొచ్చారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ పడవల వాళ్ళు కూచుని మాట్లాడుకుని ఒక మాట చెప్పారు. వేట మొదలయ్యే ముందు సాయంత్రం ఏడింటికి సెట్లన్నీ పరీక్ష చేస్తాం, ప్రతి పడవా ఒడ్డుని పిలుస్తుంది, నువ్వు అందరికీ సరిగా జవాబిస్తే కుర్చీ నీది, లేకపోతే ఇంకొకరిని కూచోబెడతాం అని.

మిషన్లు రిపేరుకి వెళ్ళి ముందు రోజే తిరిగొచ్చాయి. రిపేరు బాగానే చేశారు గానీ లోపల రాసిన కొలతలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. పెట్టుకుంటే చెవిలో ఈల, హోరు. అందుకని పొద్దున్నే బస్సెక్కి, మిషన్లని ఒక కవర్లో, ఎండు మెత్తళ్ళ చేపల్ని ఇంకో కవర్లో పెట్టుకుని పదింటికి మా గుమ్మంలో దిగాడు, తడిసి ముద్దయి.

"ఏమే, నాలుగింటి బస్సుకి పంపించెయ్యాలి నన్ను!" అన్నాడు వీధంతా వినపడేలా. తన గొంతు తనకి వినపడదు కదా.

నేను అయిదు వేళ్ళూ చూపించి, అయిదు నిమిషాల్లో అయిపోతుందన్నట్టు సైగ చేశాను. కిందటి సాయంత్రం ఉరిమింది. పెట్టె రాత్రంతా బియ్యంలోనే ఉంది. పొద్దున ఏడింటికి తగిలించాను. పచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

కోడలు అన్నయ్య మిషన్లకి సన్నతీగలు తగిలించి, తెర మీద చట్రం తెరిచింది. లోపలి కంప్యూటర్ లేచింది. ఏదో నొక్కింది. మళ్ళీ నొక్కింది. వెనక్కి వాలి, "పెట్టె లేదంటోంది" అంది.

"అదేంటి, దీపం వెలుగుతోందిగా" అన్నాను.

"బయటదానికి ఉందత్తయ్యా. లోపలదానికి లేదు."

ఇలా జరగడం మొదటిసారి కాదు. అంతకు ముందు వారం ఒక రిటైర్డ్ టీచరుగారికి కూడా ఇలాగే మొండికేసింది. కంప్యూటర్ ఆపి వేసినా రాలేదు. మర్నాడు రమ్మంటే మర్నాడు దానంతటదే వచ్చింది. దీనికి బుద్ధి పుట్టినప్పుడు పని చేస్తుందిలే అనుకుని కోడలు వదిలేసింది. ఈసారి మర్నాడు అనడానికి లేదు. ఆటోనగర్ ఆయనకి ఫోన్ చేసింది. ఆయన ఆ రోజు మైలవరంలో ఎక్కడో పని మీద ఉన్నారు, సాయంత్రం దాకా రాలేనన్నారు. ఫోన్‌లోనే చూద్దామన్నారు. కోడలు స్పీకర్ పెట్టింది.

ఆయన అడిగిన మొదటి మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"మేడమ్, పెట్టెని ఏమైనా తీసి మళ్ళీ పెట్టారా? పోర్ట్ మారిందా?"

"లేదండీ. మీరు చెప్పారుగా, ఆ తోక కదపొద్దని. ఎవరూ ముట్టుకోరు" అని కోడలు నా వైపు తిరిగింది. "అత్తయ్యా, మీరేం ముట్టుకోలేదు కదా?"

"నేనా? నాకెందుకమ్మా అవన్నీ" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! నిజంగా నాకప్పుడు అనిపించింది, నేను తీసి పెడితే ఏమవుతుంది, దీపం వెలుగుతోంది కదా, దీనికీ దానికీ సంబంధం లేదు, అనవసరంగా తిట్లెందుకు అని. ఫోన్‌లో ఆయన "అయితే అది కాదు" అన్నారు. అంతే, దారి అక్కడే తప్పింది. సరైన ప్రశ్న ఆయన మొదటే అడిగారు. నా జవాబు పట్టుకుని అందరూ వేరే దారిన పోయారు.

ముందు లోపలి కంప్యూటర్ని ఆపి వేయించారు. రాలేదు. బయటదాన్ని కూడా ఆపి వేయించారు. రాలేదు. వైరులో లోపమేమో చూడమన్నారు. కోడలు అలమరలోంచి ఇంకో వైరు తెచ్చి, పెట్టె వైపు కొస లాగి మార్చబోయింది. ఆ బెజ్జంలోంచి తెల్లగా ఏదో బల్ల మీద రాలింది.

"ఇదేంటి? బియ్యపు గింజ!" అంది.

"చీమలు తెచ్చి ఉంటాయి" అన్నాను.

"ఇంత గింజని ఏ చీమ మోస్తుందత్తయ్యా?"

"గండుచీమ."

ఫోన్‌లో ఆయన నవ్వారు. "పెట్టెకి అక్షింతలు పడ్డాయన్నమాట. అదే అడ్డంపడి ఉంటుంది మేడమ్, ఇప్పుడు చూడండి" అన్నారు. నేను కూడా లోపల దేవుడికి మొక్కుకున్నాను, అదే అయి ఉండాలని. కొత్త వైరుతో, గింజ లేకుండా చూశారు. రాలేదు.

అన్నయ్య కుర్చీలో కదలకుండా కూచున్నాడు. అతనికి మా మాటలేవీ వినపడవు. తెర వైపు చూడడు, ఫోన్ వైపు చూడడు. మా ఇద్దరి ముఖాలే చూస్తున్నాడు. సముద్రం ఒడ్డున పుట్టినవాళ్ళు మబ్బుని చూసేది ఇలాగే.

పన్నెండున్నరకి అన్నం పెట్టాను. నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు. నేను బియ్యం డబ్బా పక్కనే నిలబడి పప్పు వడ్డించాను. కాలితో ఆ డబ్బాని కొంచెం లోపలికి నెట్టాను కూడా.

ఒంటిగంటకి ఆయన ఇంకో ఉపాయం చెప్పారు. బయటి కంప్యూటర్‌కి తగిలించినవన్నీ ఒక లిస్టుగా వస్తాయి, అందులో పెట్టె పేరు వెతికి టిక్ పెడితే బలవంతంగా లోపలికి నెట్టొచ్చు అని. లిస్టులో పేర్లన్నీ అంకెలూ అక్షరాలూ కలిసిన గొట్టు పేర్లు. ఏది పెట్టెదో తెలియక కోడలు ఒకదాని మీద టిక్ పెట్టింది. వెంటనే తెర మీది బాణం మాయమైంది.

"అయ్యో, మౌస్ వెళ్ళిపోయిందండీ లోపలికి!"

"లోపలికే? అయితే బయట ఇంక పని చెయ్యదు మేడమ్."

"మరి దాన్ని బయటికి లాగడానికి నాకు మౌస్ కావాలి కదా!"

ఇంకో సమయంలో అయితే ముగ్గురం పడి పడి నవ్వేవాళ్ళం. ఇల్లు తాళం వేసి తాళంచెవి లోపల మరిచినట్టయింది. చివరికి ఆయన ఒక్కొక్క మీట చెప్తుంటే కోడలు వేళ్ళతోనే అన్నీ మూసింది. ఆ గొడవలో ముప్పావు గంట పోయింది. మళ్ళీ మొదలెట్టి ఈసారి సరైన పేరు మీదే టిక్ పెట్టింది. తెర మీద ఎర్రటి అక్షరాలతో ఒక మాట వచ్చింది.

"వాడుకలో ఉందంటోందండీ."

"బయటి మిషన్ పట్టుకుని కూచుంది మేడమ్, వదలట్లేదు. అసలు అది ఎందుకు పట్టుకుంటోందో నాకు అర్థం కావట్లేదు. నేను దాని చేతికే వెళ్ళకుండా పెట్టాను."

సరిగ్గా అప్పుడే ఉరిమింది. నా చెయ్యి దానంతటదే బల్ల కిందికి వెళ్ళబోయింది. చీర కొంగు పట్టుకుని ఆపుకున్నాను. ఉరిమితే పీకాలి, పీకితే తెలిసిపోతుంది. నా ఒళ్ళంతా ఆ బల్ల కిందే ఉంది.

రెండూ ముప్పావు అయ్యింది. ఫోన్‌లో ఆయన, ఇక తను వచ్చి మొత్తం మొదట్నించీ పెట్టాల్సిందే, రేపు పొద్దున్నే వస్తానన్నారు. కోడలు సరేనని, అన్నయ్యకి రాసి చూపించే పలక మీద రాసింది. నేను అయిదో తరగతి దాకానే చదివాను గానీ ఆ నాలుగు మాటలు చదవగలిగాను. 'ఈ రోజు కాదు పెదనాన్నగారూ, క్షమించండి.'

అన్నయ్య ఆ పలక చదివాడు. మళ్ళీ చదివాడు. తన మిషన్లని బల్ల మీంచి తీసి కవర్లో వేసుకోబోతూ, ఆ పక్కనే పడి ఉన్న బియ్యపు గింజని చూశాడు. రెండు వేళ్ళతో తీశాడు. అరచేతిలో వేసుకుని చూశాడు. తల ఎత్తి నన్ను చూశాడు. వంటింటి వైపు చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు.

"ఏమే," అన్నాడు, గోడలదిరేలా. "పొద్దుట్నించీ చూస్తున్నాను. ఈ పిల్ల పెట్టెని ముట్టుకున్నప్పుడల్లా నువ్వు వంటింటి వైపు చూస్తావు. అమ్మ ట్రాన్సిస్టర్ని పెట్టినట్టు పెట్టావా దీన్ని కూడా, బియ్యంలో?"

ఫోన్ ఇంకా స్పీకర్లోనే ఉంది.

"పెట్టాను" అన్నాను. అతనికి వినపడదని గుర్తొచ్చి తల కూడా ఊపాను. అప్పుడు కోడలి వైపు తిరిగాను. "ఉరిమినప్పుడల్లా పీకి బియ్యంలో పెట్టానమ్మా. పొద్దున్నే మళ్ళీ తగిలించాను. పిడుగు పడుతుందని భయమేసింది. నువ్వడిగితే అబద్ధం చెప్పాను."

కోడలు ముఖం ఎర్రబడింది. నోరు తెరిచింది. ఏదో పెద్ద మాటే రాబోయింది. అన్నయ్య చేతిలో కవరు చూసి దాన్ని మింగేసింది. అదే పెద్ద తిట్టు నాకు.

ఫోన్‌లోంచి, "పిన్నిగారూ, పిన్నిగారూ, మళ్ళీ తగిలించింది పాత కన్నంలోనేనా?" అన్నారు ఆయన, గొంతు మారిపోయి.

"ఏది ఖాళీ ఉంటే అందులో పెట్టానయ్యా."

"చచ్చాం. నేను ఒక్క కన్నానికే కుదిర్చానండీ. ఆ ఒక్క దాంట్లో ఏది పెట్టినా నేరుగా లోపలికి పోతుంది. మిగతా వాటిల్లో ఏది పెట్టినా బయటి మిషనే పట్టుకుంటుంది. పాత కన్నం ఏదో... నేనే గుర్తు పెట్టి వెళ్ళాల్సింది. ఇక్కడ నాలుగు షాపులకి ఇలాగే చేశాను, మీది ఏదో నాకు గుర్తు లేదు."

"నాకు గుర్తుంది" అన్నాను.

ఎవరూ నమ్మినట్టు లేరు. అయినా చెప్పాను. "మీరు పెట్టి వెళ్ళింది వెనక వైపు పైవరసలో, గోడ వైపుది. మీరు వంగి పెడుతుంటే మీ జేబులోంచి పెన్ను పడింది, నేనే తీసిచ్చాను. ఆ రాత్రే వాన పడింది. మర్నాడు శనివారం, మళ్ళీ దాంట్లోనే పెట్టాను. ఆ రోజు ఇద్దరికి పని జరిగింది. బుధవారం ఉరిమింది. గురువారం పొద్దున ప్రింటర్ తోక ఊడి వేలాడుతుంటే అది తీసి పైదాంట్లో పెట్టాను. పెట్టెని కింద నీలం రంగు దాంట్లో పెట్టాను. గురువారమే టీచరుగారిది రాలేదు. ఆ రోజు సాయంత్రం మళ్ళీ వాన. శుక్రవారం పైన ఖాళీగా కనపడింది, నువ్వే ప్రింటర్ని లోపలి గదిలోకి తీసుకెళ్ళావు కదమ్మా, కాయితం ఇరుక్కుందని. అందుకని పెట్టె పైదాంట్లో పెట్టాను. టీచరుగారిది ఆ రోజు వచ్చింది. ఇవాళ పొద్దున ఊడిన ప్రింటర్ తోకని మళ్ళీ పైదాంట్లో పెట్టాను. పెట్టె కింద చివరిది."

ఆయన రోజులన్నీ ఒకసారి లెక్క వేసుకున్నారు. "మేడమ్," అన్నారు, "మీ అత్తగారు చెప్పింది లెక్కకి సరిపోతోంది. ముందు లోపలి కంప్యూటర్ని పూర్తిగా ఆపండి. పెట్టె తీసెయ్యండి. ప్రింటర్ కూడా తీసెయ్యండి. పది లెక్కపెట్టండి. పైదాంట్లో పెట్టాక అప్పుడు లోపలిది వెయ్యండి. వరస తప్పొద్దు."

కోడలు బల్ల కిందికి వంగింది. చీకటిగా ఉంది, వైర్లన్నీ జడలు కట్టి ఉన్నాయి. "ఏదండీ గోడ వైపుది? చెయ్యి పట్టట్లేదు" అంది. నా వైపు చూడకుండానే పక్కకి జరిగింది. అంతే. నేను మోకాళ్ళ మీద కూచుని కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టాను. రోజూ చీకట్లో చేసిన పనే. తోక లాగాను. పది లెక్కపెట్టాను, పైకి. అన్నయ్య కూడా నా పెదాలు చూస్తూ వేళ్ళు ముడిచాడు. పైకన్నంలో పెట్టాను.

లోపలి కంప్యూటర్ లేవడానికి ఎప్పుడూ ఇంతసేపు పట్టేది కాదు. గోడ గడియారంలో మూడు దాటి అయిదు నిమిషాలు. నీలం రంగు వచ్చింది. బొమ్మలు వచ్చాయి. ఆ తర్వాత చట్రం లోపలి నుంచి చిన్న చప్పుడు, తలుపు కొట్టినట్టు రెండు తట్లు.

"వచ్చింది" అంది కోడలు. ఫోన్‌లో ఆయన ఊపిరి వదిలిన చప్పుడు మా అందరికీ వినపడింది, అన్నయ్యకి తప్ప.

కొలతలు కొత్తగా తీయాలి, చెవి మారింది కదా. కుడి చెవికి చిన్న మోత నుంచి పెద్ద మోత దాకా ఒక్కొక్కటి వినిపిస్తుంటే అన్నయ్య వేలెత్తుతున్నాడు. కోడలు రాస్తోంది. నేను గడియారం చూడకుండా ఉండడానికి గోడ వైపు నిలబడ్డాను, తీరా చూస్తే గడియారం ఉన్నది ఆ గోడ మీదే. మూడూ ముప్పావుకి కోడలు కుడి మిషన్లోకి కొలతలు ఎక్కించి అతని చెవికి పెట్టింది. ఎడమ చెవి మొదలెట్టేలోపు అన్నయ్య లేచి నిలబడ్డాడు.

"చాలు తల్లీ. బస్సు."

"పెదనాన్నగారూ, ఎడమది ఇంకా..."

"రిసీవరు పెట్టుకునేది కుడి చెవికే" అన్నాడు. అన్నాక ఆగాడు. తన గొంతు తనకి వినపడింది. రెండో మాట నెమ్మదిగా అన్నాడు. "నేను పొద్దుట్నించీ ఇంత గట్టిగా అరుస్తున్నానా?"

"వీధి చివర టీకొట్టువాడు మీకు హలో చెప్పమన్నాడు" అంది కోడలు. ఆ రోజు అది ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి హాస్యం.

మా ఇంటి నుంచి బస్టాండ్ దగ్గరే. గొడుగు పట్టి నేనూ వెళ్ళాను. బస్సు కదులుతుంటే ఎక్కాడు. కిటికీలోంచి, "అమ్మ రేడియోని ఎప్పుడూ ఉన్న చోటే పెట్టేదే!" అని తిట్టాడు. నిజమే. మా అమ్మ ఆ ట్రాన్సిస్టర్ని డ్రమ్ములోంచి తీస్తే మళ్ళీ అదే గూట్లో, అదే మూలకి పెట్టేది. నేను సగం నేర్చుకుని సగం మరిచాను.

ఆ సాయంత్రం కోడలూ నేనూ మాట్లాడుకోలేదు. ఆమె ముందుగదిలో, నేను వంటింట్లో. ఏడు దాటింది. ఏడున్నర అయింది. ఎనిమిదింటికి ఫోన్ మోగితే ఇద్దరం ఒకేసారి వచ్చాం. ఆమె తీసి స్పీకర్ పెట్టింది.

"అన్ని పడవలూ పిలిచాయే" అన్నాడు అన్నయ్య. మామూలు గొంతుతో. "వేసవిలో కొట్టుకుపోయిన ఆ పడవవాడు కావాలని గుసగుసలాడాడు, 'బాబాయ్, వినపడుతోందా' అని. నేనన్నాను, 'నీ గొంతు వినపడుతోంది, నీ వెనక పొయ్యి మీద గిన్నె మూత కొట్టుకుంటోంది, అదీ వినపడుతోంది, ముందు దించు, కూర మాడుతుంది' అని. ఒడ్డున అందరూ నవ్వారు. కుర్చీలోంచే మాట్లాడుతున్నా. ఎడమ చెవికి వచ్చే వారం వస్తానని పిల్లకి చెప్పు."

ఫోన్ పెట్టేశాక కోడలు నా వైపు తిరిగింది. అప్పుడు వచ్చింది, మధ్యాహ్నం మింగిన మాట.

"అత్తయ్యా, నాకు ఒక్కటి చెప్పండి. ఊరి మీద వాళ్ళ చెవుల్లో తిరిగిన మిషన్లకి తగిలించే పెట్టెని, మనం తినే బియ్యంలో పెట్టారా? ఇన్నాళ్ళూ ఆ బియ్యమే వండారా?"

"కడిగే వండానమ్మా" అన్నాను.

ఆమె తల పట్టుకుంది. ఆ రాత్రి అన్నం మానేసి ఉప్మా చేసుకుంది. రెండు రోజులు నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. నేను కూడా బతిమాలుకోలేదు. తప్పు బియ్యంలో పెట్టడం కాదు, అడిగినప్పుడు లేదనడం. అది బతిమాలితే పోయేది కాదు.

మూడో రోజు సాయంత్రం మళ్ళీ మబ్బు పట్టింది. నేను వంటింట్లోంచి కదలలేదు. ముందుగదిలో ఏదో చప్పుడైతే తొంగి చూశాను. కోడలు గోళ్ళ రంగు సీసా తెచ్చుకుని బల్ల కింద దూరి ఉంది. పైవరసలో గోడ వైపు కన్నం పక్కన ఒక ఎర్ర చుక్క పెట్టింది. పెట్టె తోకకి ఒక ఎర్ర చుక్క పెట్టింది. బల్ల మీద మూత ఉన్న కొత్త డబ్బా ఒకటి ఉంది. అందులో చెమ్మ పీల్చే గుళికలు.

దూరంగా ఉరిమింది. ఆమె బల్ల కిందనుంచి లేవకుండానే పిలిచింది.

"అత్తయ్యా! పీకే వేళయింది, రండి."